తొరపల్లి ఇల్లు చెప్పు పాఠము

తగడూరు అన్నదమ్ములు

నేటి ధర్మపురికి పూర్వము తగడూరు అని పేరు. కృష్ణగిరికి దక్షిణమున ఉన్న ఈ ఊరు ఒకనాడు నొళంబ రాజుల ఏలుబడిలో ఉండెడిది. అక్కడ దొరకిన కన్నడ శిలాశాసనములలో ఒకటి శక సంవత్సరము 815, అనగా క్రీ.శ. 893 నాటిది. నిధియన్న, చండియన్న అను ఇద్దరు అన్నదమ్ములు తగడూరులో ఒక జైన బసది కట్టించినారని ఆ శాసనము తెలుపుచున్నది. వీరు రాజులు కారు, మంత్రులు కారు. శ్రీమంగళము అను ఊరి శెట్టి కుమారులు. అనగా వర్తకుల బిడ్డలు.

బసది కట్టించిన దాతలు మన దేశములో ఎందరో కలరు. ఈ అన్నదమ్ములలో విశేషము మరియొకటి ఉన్నది. నిధియన్న నొళంబ మహేంద్రుని వద్ద ఒక గ్రామమును పొంది, దానిని తన ఇంటికి ఉంచుకొనక కనకసేన సిద్ధాంత భటారుల వారికి ధారపోసినాడు. ఆ గ్రామపు ఆదాయముతో బసదికి మరమ్మతులు జరుగవలెను, పూజలు నడువవలెను. కట్టించిన నాడే, రేపు గోడ బీట వారినచో సున్నము కొనుటకు డబ్బు ఎక్కడిది అని ఆలోచించిన వర్తకుడు ఆయన.

ఆ శాసనము వలననే నిధియన్న పేరు పదకొండు వందల సంవత్సరముల తరువాత కూడ చదువబడుచున్నది. కట్టుట ఒక పుణ్యము. కట్టిన దానిని నిలుపుట వేరొక పుణ్యము. క్రొత్త మందిరము కట్టుట కంటె జీర్ణోద్ధారము ఎనిమిది రెట్లు ఫలదాయకమని మన పెద్దలు చెప్పుచుండెడి మాట ఈ సందర్భమున స్మరింపదగినది. ఈ మాట దేవాలయములకే గాక, ఒక ఊరి జ్ఞాపకమును మోయుచున్న పాత ఇండ్లకు కూడ వర్తించును. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో అట్టి ఇల్లు ఒకటి నేడు కూడ నిలిచి ఉన్నది. అది తొరపల్లి ఇల్లు.

తొరపల్లి ఇల్లు

హోసూరుకు సమీపమున తొరపల్లి అగ్రహారము అను చిన్న గ్రామము కలదు. 1878 డిసెంబరు 10వ తేదీన అక్కడ గ్రామ మునసబుగా ఉన్న చక్రవర్తి అయ్యంగారి ఇంట ఒక మగబిడ్డ జన్మించినాడు. ఆ బిడ్డయే చక్రవర్తి రాజగోపాలాచారి, దేశమంతయు రాజాజీ అని పిలుచుకొన్న మహనీయుడు. ఆయన హోసూరు పాఠశాలలో చదివి, బెంగుళూరు సెంట్రల్ కాలేజీకి, తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్ళినారు. సేలములో వకీలు వృత్తి చేసినారు. 1917 నుండి 1919 వరకు సేలం పురపాలక సంఘమునకు అధ్యక్షులుగా ఉన్నారు. 1930లో వేదారణ్యము ఉప్పు సత్యాగ్రహము నడిపించినారు. 1937లో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా, 1948 నుండి 1950 వరకు స్వతంత్ర భారతపు గవర్నరు జనరలుగా, 1952 నుండి 1954 వరకు మద్రాసు ముఖ్యమంత్రిగా పనిచేసినారు. 1954లో భారతరత్న బిరుదు పొందినారు. 1972 డిసెంబరు 25న దివంగతులైనారు.

ఆయన పుట్టిన ఇంటిని తమిళనాడు ప్రభుత్వము స్మారక గృహముగా సంరక్షించుచున్నది. అది పెద్ద భవనము కాదు, పల్లెటూరి ఇల్లు. అయినను హోసూరులో అంతకంటె ఘనమైనవి పోయినవి, ఇది నిలిచినది. 19వ శతాబ్దములో సేలం కలెక్టరుగా ఉండిన బ్రెట్ దొర, ఇంగ్లండులోని కెనిల్‌వర్త్ కోటను తలపించునట్లు హోసూరులో ఒక మేడ కట్టించినాడు. సంపదకు కొరత లేని దొర కట్టించిన ఆ కోట కాలమునకు నిలువలేదు. గ్రామ మునసబు గారి ఇల్లు నిలిచినది. కారణము గోడల దిట్టతనము కాదు. ఒక దానిని నిలుపవలెనని తలచినవారు ఉన్నారు, రెండవ దానిని తలచినవారు లేరు. ఇంటికి ఆయుష్షు ఇచ్చునది తలపు. ఆ తలపు వెనుక ఏటేటా పెట్టు ఖర్చు.

జైన శాస్త్రములో ఏ వస్తువును గూర్చి విచారించినను ద్రవ్యము, క్షేత్రము, కాలము, భావము అను నాలుగు దృష్టులతో విచారింపవలెనని చెప్పబడినది. ఒక పాత ఇంటిని మ్యూజియముగా నిలుపునపుడు ఈ నాలుగు దృష్టులు మిక్కిలి ఉపకరించును. వరుసగా చూచెదము గాక.

ద్రవ్యము

ద్రవ్యము అనగా వస్తువు. ఇల్లు అనునది మొదట రాయి, మన్ను, కలప, సున్నము. కృష్ణగిరి ప్రాంతము నల్లరాతికి ప్రసిద్ధి. ఈ వైపు పాత ఇండ్లలో రాతి కంబములు, రాతి పలకలు, మట్టి గోడలు, నాటు పెంకులు, వీధి అరుగులు కనబడుచుండును. ఇవన్నియు ఆ ఊరి గాలి, వాన, ఎండ ఎరిగిన పనివారు చేసినవి.

ఇట్టి ఇంటిని బాగుచేయుదమను ఉత్సాహముతో మట్టి గోడకు సిమెంటు పూత పూయుట తరచుగా జరుగుచున్నది. అది మేలు కన్న కీడే ఎక్కువ చేయును. మట్టి గోడ తేమను పీల్చి వదలుచుండును. సిమెంటు పూత ఆ తేమను లోపలనే బిగబట్టును. కొన్నేండ్లకు పూత ఊడి, దానితో పాటు మట్టి కూడ రాలిపోవును. సున్నపు గోడకు సున్నమే, మట్టి గోడకు మట్టియే మందు. పెంకులు వానకాలమునకు ముందు ఏటేటా సరిచేయింపవలెను. ఒక్క పెంకు జారినచో వాన నీరు దూలము మీద పడును. దూలము పుచ్చినచో కప్పు కూలును. ఒక పెంకు ఖర్చు చూచి వెనుదీసినవాడు కప్పు ఖర్చు పెట్టవలసి వచ్చును. దుకాణములో చిన్న బాకీని నిర్లక్ష్యము చేసిన ఫలితము ఎట్టిదో, ఇదియు అట్టిదే.

క్షేత్రము

క్షేత్రము అనగా స్థలము. హోసూరు మూడు భాషల కూడలి. పడమట కర్ణాటక సరిహద్దు. తూర్పున ఆంధ్రదేశపు కుప్పము. ఊరు ఉన్నది తమిళనాట. నందికొండలలో పుట్టిన దక్షిణ పినాకిని కన్నడ దేశము దాటి, హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల మీదుగా ప్రవహించి కడలూరు వద్ద సముద్రములో కలియుచున్నది. ఆ నది ఏ భాషదని చెప్పగలము? ఊర్ల పేర్లు కూడ అట్టివే. హోసూరు అనగా కన్నడములో క్రొత్త ఊరు. తొరపల్లి, వేపనపల్లి అను పేర్లలోని ‘పల్లి’ తెలుగు చెవికి సొంతము. సూళగిరి, బాగలూరు, బేరికె, తళి, దేన్‌కనికోట సంతలలో ఒకే బేరము మూడు భాషలలో సాగుట క్రొత్త కాదు. కృష్ణగిరి జిల్లాలో తమిళము తరువాత ఎక్కువమంది మాట్లాడు భాష తెలుగు, దాని తరువాత కన్నడము. ఉర్దూ మాట్లాడు కుటుంబములు కూడ అనేకము కలవు. మార్వాడీ, గుజరాతీ ఇంట మాట్లాడుకొని, అంగడిలో ఈ భాషలన్నిటిలో బేరమాడు జైన కుటుంబములు కూడ ఈ క్షేత్రములోని భాగమే.

కావున ఈ వైపు ఏ చారిత్రక గృహమైనను ఒక్క భాషలో మాత్రమే పలుకరాదు. చూడవచ్చిన తెలుగు రైతుకు, కన్నడ గృహిణికి, ఉర్దూ చదువుకొన్న బాలునికి తన మాటలో ఒక పలక అయినను కనబడవలెను. అది ఉపకారమని తలచి చేయరాదు. ఆ నేల మీద వారికి గల హక్కు అది. ఒక రైతు తన భాషలో వ్రాసిన పలక చదువుకొన్ననాడు ఆ ఇల్లు ఆయనది కూడ అగును. తనదనుకొన్న ఇంటి గోడను ఎవడును పాడుచేయడు.

కాలము

కాలము అనగా ఆ నేల మీద నడచిన యుగములు. తగడూరు శాసనము నాటికి ఇది నొళంబుల సీమ. తరువాత విజయనగర కాలము. పిమ్మట హైదరాలీ, టిప్పు సుల్తానుల కాలము. కృష్ణగిరి చుట్టుప్రక్కల దుర్గములను బట్టి ఈ సీమకు బారామహల్ అని పేరు వచ్చినది. 1792లో శ్రీరంగపట్టణపు సంధి వలన బారామహల్ ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చినది. అలెగ్జాండరు రీడ్ దొర దాని పాలనకు నియమింపబడగా, ఆయన క్రింద సహాయకులుగా పనిచేసిన వారిలో థామస్ మన్రో ఒకరు. పిమ్మట కడప, బళ్ళారి, అనంతపురము, కర్నూలు సీమలలో పేరు మోగిన మన్రో దొర రైతువారీ పద్ధతిని నేర్చుకొన్నది ఈ బారామహల్‌లోనే. హోసూరు సీమ 1799లో టిప్పు పతనము తరువాత కంపెనీ వశమైనది. 1965లో సేలం జిల్లా నుండి ధర్మపురి జిల్లా విడివడినది. 2004లో ధర్మపురి నుండి కృష్ణగిరి జిల్లా ఏర్పడినది. 2019లో హోసూరు నగర కార్పొరేషను అయినది.

జిల్లాలు మారినవి, దొరలు మారినారు, తూకములు మారినవి, నాణెములు మారినవి. ఈ మార్పులన్నిటిని ఒక్క చోట చూపగలది ఏది? చరిత్ర పుస్తకములో సంవత్సరములు ఉండును, వస్తువులు ఉండవు. ఇంటిలో వస్తువులు ఉండును. ఒకప్పుడు నడిచిన అణా బిళ్ళ, మెట్రిక్ తూకములు రాక ముందటి వీశె, సేరు, మణుగు రాళ్ళు చేతిలో పెట్టినచో, బాలునికి నూరు మాటలు చెప్ప పనిలేదు.

భావము

భావము అనగా లోపలి అర్థము. ఒక ఇంటిని చూచి వెలుపలికి వచ్చినవాని మనస్సులో ఏమి మిగిలినది అనునదే భావము. ఇక్కడనే అనేకాంత దృష్టి అవసరమగును.

రాజాజీ గారి పాలననే తీసికొందము. 1937 అక్టోబరు 1న ఆయన ప్రభుత్వము మద్యనిషేధమును మొట్టమొదట సేలం జిల్లాలో అమలు చేసినది. హోసూరు, కృష్ణగిరి అప్పుడు ఆ జిల్లాలోనివే. మరుసటి సంవత్సరము అది చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించినది. మద్యమును పాపముగా ఎంచు జైన గృహస్థులకు ఇది ఆనందకరమైన వార్త. కాని కల్లు, సారాయి వేలముల వలన వచ్చు ఆదాయము పోగా ప్రభుత్వమునకు లోటు ఏర్పడినది. ఆ లోటు పూడ్చుటకు 1939లో అమ్మకపు పన్ను చట్టము చేసినారు. సరకుల అమ్మకము అంతటిపై సాధారణ పన్ను వేయుట మన దేశములో అదియే మొదలు. మద్యనిషేధమును మెచ్చుకొన్న వర్తకుడే సాయంకాలము లెక్క చూచుకొని పన్ను కొరకు నిట్టూర్చెను గదా! ఒకే మనిషి చేసిన ఒకే పనికి రెండు ముఖములు. రెండును సత్యములే. మ్యూజియము రెండింటిని చూపవలెను.

మరియొక సంగతి. అగ్రహారపు వీధి ఆ రోజులలో అందరికి సమానముగా తెరచిన వీధి కాదు. ఆ వీధిలో పుట్టిన రాజాజీ ప్రభుత్వమే 1939లో దేవాలయ ప్రవేశమునకు చట్టరక్షణ కల్పించినది. ఇంటి గొప్పతనమును చెప్పునపుడు వీధి కథను దాచినచో, ఆ చట్టము యొక్క విలువ చూచువారికి అర్థము కాదు. నిజము చెప్పుట వలన పెద్దల గౌరవము తగ్గదు.

రెండు ఇండ్లు

తెలుగువారికి రాజాజీ పేరు వినగానే మరియొక జ్ఞాపకము కలుగుట సహజము. ఆయన మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నపుడే, 1952 అక్టోబరు 19న ఆంధ్రరాష్ట్రము కొరకు పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్ష ఆరంభించినారు. మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట ఆ దీక్ష సాగినది. 58 దినముల దీక్ష అనంతరము డిసెంబరు 15న శ్రీరాములు గారు అదే ఇంట ప్రాణములు విడిచినారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినది. ఆ ఇంటిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము స్మారకముగా నిలిపినది.

రెండు ఇండ్లును తమిళనాటనే ఉన్నవి. ఒకటి తొరపల్లిలో, ఒకటి మైలాపూరులో. ఒకదానిలో ఒకరు పుట్టినారు. వేరొక దానిలో ఒకరు అసువులు బాసినారు. ఇద్దరును గాంధీజీ అనుచరులే. ఇద్దరును హరిజన సేవలో పాటుపడినవారే. అయినను రాష్ట్ర విషయములో వారి దృష్టులు ఎదురెదురుగా నిలిచినవి. ఒక్క ఇంటిని చూచినవానికి సగము చరిత్ర తెలియును. రెండింటిని చూచినవాడు మాత్రమే ఎవరిని ద్వేషింపక, ఎవరిని కించపరుపక, రెండు పక్షముల వేదనను గ్రహింపగలడు. ‘స్యాత్’ అను చిన్న మాటలో మన ఆచార్యులు పెట్టిన వివేకము ఇదియే. హోసూరు నుండి విహారయాత్రకు పోవు పాఠశాల బాలబాలికలకు ఈ రెండు ఇండ్లను చూపుట మంచి పాఠము కాగలదు.

వర్తకుని ఇల్లు మ్యూజియము కాగలదా?

మ్యూజియము అనగా రాజుల కిరీటములు, నాయకుల కుర్చీలు ఉంచు చోటు అని కొందరి అభిప్రాయము. వర్తకుని ఇంట చూపుటకు ఏమున్నది అని ప్రశ్నించువారు కలరు. దీనికి బొంబాయి నగరమే సమాధానము చెప్పుచున్నది.

గాందేవి ప్రాంతములో లేబర్నం రోడ్డున మణిభవన్ అను ఇల్లు కలదు. అది జవాహరీ వర్తకుడైన రేవాశంకర్ జగజీవన్ ఝవేరి గారి నివాసము. శ్రీమద్ రాజచంద్ర గారికి ఆయన బంధువు, వ్యాపారములో భాగస్వామి. 1891లో విలాయతు నుండి వచ్చిన గాంధీజీకి రాజచంద్రతో పరిచయము కలిగినది. ఆ పరిచయము గాంధీజీ ఆధ్యాత్మిక జీవితమునకు ఎంత తోడ్పడినదో జైన కుటుంబములకు వేరుగా చెప్ప పనిలేదు. 1917 నుండి 1934 వరకు గాంధీజీ బొంబాయి వచ్చినపుడెల్ల మణిభవన్‌లో దిగుచుండెడివారు. 1955లో ఆ ఇల్లు గాంధీ స్మారక మందిరమైనది. నేడు అక్కడ గ్రంథాలయము, ప్రదర్శన నడుచుచున్నవి. ఒక వర్తకుడు అతిథికి ఇచ్చిన గది దేశమునకు పుణ్యస్థలమైనది. ఇల్లు ఇచ్చినందున ఝవేరి గారి వంశము పేదది కాలేదు. పేరు మాత్రము మిగిలినది.

తెలుగునాట కూడ నిదర్శనము లేకపోలేదు. రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగం పంతులు గారి ఇల్లు మ్యూజియముగా ఉన్నది. ఆయన వ్రాసినవి ఎక్కడనైనను చదువవచ్చును. ఆయన తిరిగిన గదిలో నిలుచుట మాత్రము అక్కడనే సాధ్యము.

పోవుచున్నది ఏమి?

1970ల తరువాత హోసూరు పారిశ్రామిక నగరమైనది. బెంగుళూరు 40 కిలోమీటర్ల దూరములో ఉండుటచే స్థలముల విలువ పెరిగినది. పాత అరుగుల ఇల్లు పడగొట్టి నాలుగంతస్తుల కాంప్లెక్సు కట్టినచో అద్దెలు వచ్చును. కుటుంబములు పెరిగినపుడు, పంచుకొనవలసి వచ్చినపుడు, ఇల్లు పడగొట్టుట తప్పు అని ఎవరు అనగలరు? వ్యాపారికి వ్యాపార ధర్మము ఉన్నది. అన్ని పాత ఇండ్లును నిలుపవలెనని కోరుట న్యాయము కాదు, సాధ్యమును కాదు.

కాని ఇల్లు పడగొట్టు నాడు ఇంటితో పాటు పోవునవి కొన్ని కలవు. అటక మీది బహీ ఖాతాలు కాగితపు తూకమునకు పోవును. రోకడ, ఖాతా పుస్తకములలో తాతగారి చేతివ్రాత ఉండును. ఏ సంవత్సరము రాగి ధర ఎంత, చింతపండు ధర ఎంత, ఏ ఊరి రైతునకు ఏ షరతు మీద అప్పు ఇచ్చినది, కరవు సంవత్సరములో ఎంత వసూలు వదలుకొన్నది అందులో ఉండును. మార్వాడీ లిపిలో వ్రాసిన పద్దు క్రింద తెలుగు రైతు వ్రేలిముద్ర, తమిళములో సాక్షి సంతకము, ఉర్దూలో బండివాని రసీదు ఒక్క పుటలోనే కలిసిన చోట, ఆ పుట కంటె మంచి సాక్ష్యము ఈ ప్రాంతపు సహజీవనమునకు ఏమి కావలెను? శిలాశాసనము నిధియన్నను మనకు ఇచ్చినది. ఈ కాగితములు పోయినచో మన తాతలను మన మనుమలకు ఎవరు ఇత్తురు?

అందరి ఇండ్లు నిలువవు గాన, ఒక్క ఇల్లయినను నిలువవలెను. ఒక ఊరిలోని కుటుంబములు కూడి, వారసులు ఇష్టపడి ఇచ్చిన ఒక పాత అంగడి ఇంటిని నిలిపి, తక్కిన ఇండ్ల వస్తువులను అందులో ఉంచవచ్చును. అట్టి ఇల్లు దొరకువరకు విలువైన వస్తువులను కృష్ణగిరిలో 1993లో స్థాపింపబడిన ప్రభుత్వ మ్యూజియమునకు చూపి, వారి సలహా పొందవచ్చును.

జ్ఞానపంచమి నేర్పిన పద్ధతి

పాత కాగితములు కాపాడుట జైనులకు క్రొత్త విద్య కాదు. కార్తిక శుద్ధ పంచమి నాడు, జ్ఞానపంచమి అను పేర, భండారములలోని గ్రంథములను వెలికి తీసి, దుమ్ము దులిపి, గాలి సోకించి, పూజించుట శ్వేతాంబర సంప్రదాయము. దిగంబరులు జ్యేష్ఠ శుద్ధ పంచమిని శ్రుతపంచమిగా జరుపుదురు. వానకాలపు చెమ్మ తగ్గిన తరువాత జ్ఞానపంచమి వచ్చుట గమనింపదగినది. పూజ పేరున ఏడాదికి ఒకసారి ప్రతి గ్రంథమును మనిషి చూచును. పురుగు పట్టినదో లేదో తెలియును. పట్టిన తరువాత మందు చల్లి జీవహింస చేయుట కంటె, చెమ్మ లేకుండ ఉంచి పట్టకుండ చేయుట అహింసా మార్గము.

ఈ పద్ధతినే కుటుంబపు లెక్క పుస్తకములకు అన్వయింపవచ్చును. చేయవలసినవి స్వల్పము:

1. పుస్తకములను నేల మీద గాని, గోడకు ఆనించి గాని ఉంచరాదు. చెక్క బల్ల మీద, గాలి ఆడునట్లు ఉంచవలెను.

2. ఎండలో పెట్టరాదు, సిరా వెలసిపోవును. నీడలో ఆరవేయవలెను.

3. చినిగిన పుటకు జిగురు టేపు అంటించరాదు, ప్లాస్టికు పూత వేయించరాదు. కొన్నేండ్లకు టేపు జిగురు కాగితమును తినివేయును. ప్లాస్టికు పూతను మరల విడదీయ శక్యము కాదు. శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి ఉంచుట మేలు.

4. ప్రతి వస్తువునకు ఒక సంఖ్య ఇచ్చి, ఎవరి ఇంటిది, ఎవరు వాడినది, ఎప్పుడు ఇచ్చినది ఒక రిజిస్టరులో వ్రాయవలెను. చరిత్ర తెలియని తరాజు పాత ఇనుము మాత్రమే.

5. పెద్దలు ఉండగానే వారి మాటలను ఫోనులో రికార్డు చేయవలెను. ఆ లిపి చదువగలవారు తగ్గిపోవుచున్నారు. పుటలను ఫోటోలు తీసి, చదివించి, అర్థము వ్రాయించవలెను.

6. ఇతరుల అప్పులు, తగవులు తెలుపు పద్దులను అందరికి కనబడునట్లు ప్రదర్శింపరాదు. బాకీదారుని మానము కాపాడుట కూడ వర్తక ధర్మమే.

మరమ్మతు నిధి

అన్నిటికంటె ముఖ్యమైనది తుదకు చెప్పవలసి వచ్చినది. ప్రారంభోత్సవమునకు చందాలు వచ్చును, పాలరాతి ఫలకము మీద పేర్లు ఎక్కును. మూడవ సంవత్సరములో పెంకు జారినపుడు చందా అడుగబోయినచో ఎవరును ఇంట ఉండరు. ఇది ఏ ఒక్క ఊరికి మాత్రమే చెందిన సంగతి కాదు.

కావున వచ్చిన సొమ్మును మొదటి దినముననే రెండుగా విభజింపవలెను. ఉదాహరణకు పది లక్షల రూపాయలు కూడినవనుకొందము. మూడు లక్షలతో ఇంటిని బాగుచేసి, ఏడు లక్షలను మూలధనముగా బ్యాంకులో ఉంచినచో, నూటికి ఏడు వడ్డీ చొప్పున సంవత్సరమునకు 49,000 రూపాయలు వచ్చును. పెంకులకు, సున్నమునకు, కావలివాని జీతములో కొంత భాగమునకు అది ఆధారము. ధరలు ఏటేటా పెరుగును గాన, వడ్డీలో కొంత మరల మూలధనములో కలుపుచుండవలెను. మూలధనమును ఎవరును తాకరాదని ట్రస్టు పత్రములో వ్రాయవలెను. లెక్కలు సంవత్సరమునకు ఒకసారి సభలో చదువవలెను. పది లక్షలు అంతయు రంగులకు, విందుకు, ఫలకమునకు ఖర్చు పెట్టినచో మొదటి సంవత్సరము వైభవముగా ఉండును, పదవ సంవత్సరము తాళము తుప్పు పట్టి ఉండును.

ఈ లెక్క జైన వ్యాపారికి ఒకరు నేర్పవలసిన పనిలేదు. తన దుకాణములో మూలధనము తిని బ్రతుకువాడు నిలువడని ఆయనకు తెలియును. నిధియన్న తగడూరులో చేసినది కూడ ఇదే. ఊరు మూలధనము, ఆదాయము మరమ్మతు. రాజు ఇచ్చిన ఊరిని ఆయన అనుభవించి ఉండినచో, పేరు లేని ధనికులలో ఒకడై పోయియుండెడివాడు.

పాఠశాలలోను, మండలి సమావేశములలోను విచారింపదగిన ప్రశ్నలు

1. మీ ఇంటిలో ఏబది సంవత్సరములకు మించిన వస్తువు, పుస్తకము, దస్తావేజు ఏమున్నది? దాని చరిత్ర తెలిసినవారు ఇంట ఎవరు?

2. తొరపల్లి ఇంటిని చూచినవారు ఏ భాషలో ఆ ఇంటి కథను చదివినారు? ఇంకను ఏ భాషలో ఉండవలెనని తోచినది?

3. ఒకే సంగతిని రెండు పక్షములు రెండు విధములుగా చెప్పినపుడు, రెండింటిని ప్రక్కప్రక్కన ప్రదర్శించుట ఎట్లు?

4. మీ ఊరిలో క్రొత్తగా కట్టిన ఏ ధర్మకార్యమునకు మరమ్మతు నిధి ఉన్నది? లేనిచో దానిని ఇప్పుడు ఏర్పరచుట ఎట్లు?

5. ఈ సంవత్సరపు జ్ఞానపంచమి నాడు ఇంటి పాత లెక్క పుస్తకములను వెలికి తీయుటకు ఎవరు బాధ్యత వహింతురు?

అయిదవ ప్రశ్నకు ఒక పేరు వ్రాసినను చాలును. తక్కిన పని ఆ పేరు గలవారి చేతితో మొదలగును. పరిగ్రహమును తగ్గించుకొనుమని ధర్మము చెప్పినది. జ్ఞాపకమును పారవేయుమని ఎచ్చటను చెప్పలేదు. తన ఇంట మూలన పడియున్న దానిని పదుగురికి చూపు ఇంటికి ఇచ్చుట త్యాగమును, రక్షణయును రెండును అగును. హోసూరు, కృష్ణగిరి వర్తక కుటుంబములు ఈ పనికి పూనుకొన్నచో, రాబోవు తరములవారు తగడూరు అన్నదమ్ముల పేర్లతో పాటు వీరి పేర్లను కూడ చదువుకొందురు గాక.